తప్పిన బిడ్డ కూడా మన బిడ్డే



పరీక్షల కాలం వచ్చిందంటే కడుపునొప్పి, తలనొప్పి, గుండెదడ, నిద్ర పట్టడం లేదంటూ పదిహేను, పదహారేళ్ల పిల్లలను ఆసుపత్రికి తీసుకువస్తుంటారు. పరీక్షలు చేస్తే చాలామందిలో ఏ లోపమూ కనబడదు. "చదువు ఎగ్గొట్టడానికి నటిస్తున్నాడండీ" అంటారు పెద్దవాళ్లు. అది నటన కాదు. మనసులో భయం ఎక్కువైతే శరీరం దాన్ని నొప్పిగా చెబుతుంది. నొప్పి నిజమే, దాని వేరు మాత్రం మరోచోట ఉంది.

ఈ రోజుల్లో బాగా చదివితే చాలదు, ఏ లోపమూ లేకుండా చదవాలి. మార్కుల పోటీ తగ్గించాలని 2012లో పదో తరగతికి గ్రేడ్లు ప్రవేశపెట్టారు. పోటీ తగ్గలేదు. మార్కుల స్థానంలో పదికి పది పాయింట్లు ఫ్లెక్సీల మీదికి వచ్చాయి. ఒక్క పాయింటు తగ్గిన బిడ్డ తాను ఓడిపోయాననుకోవడం మొదలైంది.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షలమందికి పైగా తప్పారు. ఆ తరువాతి రోజుల్లో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో పొరపాట్లు బయటపడ్డాయి. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయి పేపరు మళ్లీ చూస్తే 99 మార్కులు ఉన్నాయి. తప్పినవారందరి పేపర్లూ మళ్లీ పరిశీలించగా వెయ్యిమందికి పైగా పాసయ్యారు. ప్రాణం తీసుకోవడానికి ఒకే ఒక్క కారణం ఉండదు. అయినా ఆ సంవత్సరం మనకు ఒక సంగతి నేర్పింది. కాగితం మీది అంకె తప్పు కావచ్చు, తప్పయితే దిద్దుకోవచ్చు. నిజంగానే తప్పినా సప్లిమెంటరీ ఉంది. పోయిన ప్రాణానికి మాత్రం సప్లిమెంటరీ లేదు.

ఈ తప్పు సంఘంలో ఉన్న మనది కూడా. ఫలితాలు వచ్చిన ఆదివారం పాసైన బిడ్డలను ముందుకు పిలిచి చప్పట్లు కొడతాం, కృతజ్ఞత కానుకలు తీసుకుంటాం. అది మంచిదే. కానీ తప్పిన బిడ్డ ఆ వారం ఆరాధనకు రావడానికి సిగ్గుపడితే, ఆ సిగ్గు వాడికి ఎవరిచ్చారు? ఈసారి ఆ ఇంటికి మనమే వెళదాం. మార్కుల మాట ఎత్తకుండా వాళ్లతో కలిసి భోజనం చేసి వద్దాం.

ఏలీయాను గుర్తు చేసుకోండి. కర్మెలు పర్వతం మీద అంత విజయం చూసిన ప్రవక్త మరుసటి అధ్యాయంలోనే బదరీ వృక్షం కింద కూర్చుని ఇక చాలు, చనిపోతాను అనుకున్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. మాటలు ఆ తరువాతే వచ్చాయి. ఆపైన తోడుగా ఎలీషాను ఇచ్చాడు. మనం కూడా ఆ వరుసలోనే నడవాలి: ముందు అన్నం, నిద్ర, తరువాత మాట, ఆ తరువాత తోడు.

గమనించవలసిన లక్షణాలు

తిండి, నిద్ర తగ్గడం. స్నేహితులను వదిలి ఒంటరిగా ఉండడం. తనకు ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం. "నేను మీకు భారం", "నేను లేకపోతే బాగుండు" వంటి మాటలు. ఇవి కనబడితే బెదిరింపు అనుకుని తీసిపారేయకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని మెల్లగా, సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, లోపలి బరువు దిగుతుంది.

ఇంట్లో చేయవలసినవి

1. ఫలితాలు రాకముందే చెప్పండి: "ఏ మార్కులు వచ్చినా నువ్వు ఇంటికి రా, అన్నం తిందాం."

2. పక్కింటి పిల్లలతో, అన్నతో, అక్కతో పోల్చకండి.

3. మన దమ్మపేట చుట్టుపక్కల పొలం పనులున్న ఇళ్లలో పురుగుమందులు ఉంటాయి. వాటిని తాళం వేసి, తాళంచెవి పెద్దల దగ్గర ఉంచండి. తొందరపాటు ఆలోచన చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు మందు చేతికి అందకపోతే ఒక ప్రాణం నిలబడుతుంది.

4. ఫలితాల రోజున, ఆ తరువాత కొన్ని రోజులు బిడ్డను ఒంటరిగా వదలకండి.

5. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

6. ప్రమాదం జరిగితే కేసు అవుతుందని భయపడి ఆలస్యం చేయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలి, శిక్షించకూడదు.

ప్రార్థన చేయండి, వైద్యుడికీ చూపించండి. ఈ రెండింటికీ వైరం లేదు. ఏలీయాకు దూత తెచ్చింది కూడా రొట్టే కదా!

లోపం లేని బిడ్డ ఏ ఇంట్లోనూ లేడు. అటువంటి తల్లిదండ్రులూ లేరు. మనలను ఉన్నవారిని ఉన్నట్టుగా చేర్చుకున్న ప్రభువు, మన బిడ్డలను కూడా అలాగే చేర్చుకునే మనసు మనకు దయచేయును గాక. ఆమేన్.