సర్వర్ మనసు, గల్లాపెట్టె లెక్క

సరుకులు, అద్దె, గ్యాస్, జీతాలు పోగా హోటల్ యజమానికి మిగిలేది కొద్దే. ఆ కొద్దీ నిలిచేదీ పోయేదీ చాలావరకు ఆయన కళ్లు పడని చోటే. సాంబారు అడుగంటకముందే మంట తగ్గించే మాస్టర్, చట్నీ పులిసిందని వడ్డన ఆపేసే కుర్రాడు, ‘ఇవాళ ఉప్మా చాలామంది వదిలేశారు’ అని వంటింట్లోకి వెళ్లి చెప్పే సర్వర్ ఉంటే సరుకు వృథా కాదు, వచ్చిన గిరాకీ మళ్లీ వస్తుంది. సీసీ కెమెరాలు పెట్టినంత మాత్రాన ఇలాంటివాళ్లు తయారుకారు.

మనిషి పనిలో ఎప్పుడు మనసు పెడతాడన్నది అమెరికన్ పరిశోధకుడు విలియం కాన్ 1990లో వివరించారు. చేసే పనికి విలువ ఉందనిపించాలి, నోరు విప్పితే ముప్పు రాదన్న ధైర్యం ఉండాలి, ఒంట్లోనూ మనసులోనూ ఓపిక మిగలాలి. మన హోటళ్లలో చాలాచోట్ల దెబ్బతినేది ఆ చివరి రెండే. గ్లాసు పగిలితే జీతంలో కోసేచోట తప్పును దాచడమే నేర్చుకుంటారు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా నిలబడే ఉన్న క్లీనర్‌ను చిరునవ్వు నవ్వమనడం అన్యాయం.

చివరికి మాస్టర్ మానేస్తాడు. ఆయనతోపాటు పిండి పులియబెట్టే పాళ్లు, పెనం వేడి తెలిసిన చెయ్యి కూడా వెళ్లిపోతాయి. కొత్తవాడు కుదురుకునేలోపు రోజూ వచ్చేవాళ్లు పక్క హోటల్‌కు అలవాటుపడతారు. కోతలు పెట్టి మిగిల్చుకున్న జీతం కన్నా ఈ నష్టమే పెద్దది.

పనివాళ్లకే వాటా దక్కిన ఇండియన్ కాఫీ హౌస్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసేస్తుంటే, కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె.గోపాలన్ అండతో కార్మికులు సహకార సంఘాలు పెట్టుకున్నారు. 1957లో బెంగళూరు, ఢిల్లీలలో, 1958లో కేరళలోని త్రిస్సూర్‌లో ఆ సంఘాలు మొదలయ్యాయి, కాఫీ హౌస్‌లు కార్మికుల చేతికొచ్చాయి. ఉద్యోగాలు పోయి వీధినపడాల్సిన సర్వర్లే యజమానులయ్యారు. అన్ని శాఖలూ ఒకేలా సాగలేదు, కొన్ని నష్టాలూ చూశాయి. వాటా ఒక్కటే వ్యాపారాన్ని నిలబెట్టదు, లెక్కా పత్రం, నాణ్యత కూడా కావాలి. అయినా ఆరు దశాబ్దాలు దాటినా ఆ పేరు నిలిచి ఉందంటే, అందులో పనివాళ్ల పట్టుదల పాలే ఎక్కువని నా నమ్మకం.

ప్రతి యజమానీ వాటా ఇవ్వలేకపోవచ్చు. వారానికో సెలవు, చెప్పిన తేదీకి జీతం, కూర్చుని తినడానికి వేళ ఇవ్వడం అందరికీ సాధ్యమే. కొత్త మెనూ కార్డు అచ్చేయించే ముందు మీ సర్వర్లను కూర్చోబెట్టి, ఏ వంటకం ప్లేట్లలో మిగిలిపోతోందో అడగండి.