కన్ను ఆగదు.. చీటీ పాట దాకా!
కార్డుకు అందని కంటి సూదులు.. ఆలస్యమయ్యే కొద్దీ పెరిగే ఖర్చు

గూళూరు (బాగేపల్లి తాలూకు): గుండె ఆపరేషన్ అంటే ఊరంతా తలా ఇంత వేస్తుంది. యాక్సిడెంటు అంటే రాత్రికి రాత్రే డబ్బు పుడుతుంది. అదే భార్య కంటికి సూది వేయించాలి, అదీ నెలనెలా వేయించాలి అంటే? 'కన్నే కదా, పంట డబ్బు చేతికొచ్చాక చూద్దాంలే' అన్న మాటే వినబడుతుంది. షుగర్ జబ్బు పల్లెలకూ పాకిన ఈ రోజుల్లో సరిహద్దు ఇళ్లకు ఎదురవుతున్న చిక్కు ఇది. పంట కోసం మనిషి ఆగుతాడు. కన్ను ఆగదు.

నొప్పి లేకుండా పోయే చూపు

షుగర్ ఏళ్ల తరబడి ఉంటే కంటి వెనక రెటీనా పొరలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. మొదట్లో నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. నాళాల నుంచి నీరు ఊరి, చూపుకు నడిమధ్య ఉండే మాక్యులా వాచినప్పుడు అక్షరాలు వంకరగా, మొహాలు మసకగా కనబడతాయి. చాలామంది దీన్ని శుక్లం అనుకుంటారు. అద్దాలు మార్చి చూస్తారు. శుక్లమైతే కొన్ని నెలలు ఆగి ఆపరేషన్ చేయించుకున్నా సాధారణంగా చూపు వస్తుంది. రెటీనా సంగతి వేరు. అక్కడ ఒకసారి పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు.

పట్టు పెంచే ఇళ్లలో ఈ నష్టం ఒక్క మనిషితో ఆగదు. పండిన పురుగు ఏదో, పండనిది ఏదో పోల్చుకుని చంద్రికల మీదకు ఏరి వేయడం కంటి పని. చాలా ఇళ్లలో అది ఆడవాళ్ల పని కూడా. ఆమె చూపు తగ్గితే గూళ్ల రాబడి మీదే దెబ్బ పడుతుంది. అయినా ఖర్చు దగ్గరికి వచ్చేసరికి ఆమె కన్ను వరుసలో చివరికి పోతుంది. 'నాకేం, ఇంకో కన్ను ఉందిగా' అని ఆమే సర్దుకుంటుంది.

కార్డు ఉంది.. కానీ

కర్ణాటకలో 2018 నుంచి ఆయుష్మాన్ భారత్- ఆరోగ్య కర్ణాటక పథకం ఉంది. బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల దాకా వైద్యం. ఏపీఎల్ కుటుంబానికైతే ప్యాకేజీ ధరలో 30 శాతం, ఏడాదికి రూ.1.5 లక్షల దాకా. అత్యవసరం కాని చికిత్సలకు ముందు సర్కారు ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ రెఫరల్ రాసిస్తేనే ప్రైవేటులో కార్డు పనిచేసేది. ఈ సంగతి తెలియక నేరుగా బెంగళూరు బస్సెక్కినవారికి కౌంటర్ దగ్గర నగదు కట్టక తప్పదు. పైగా ప్యాకేజీ జాబితాలో లేని మందుకు కార్డు వర్తించదు.

సరిహద్దు ఊళ్లకు ఇంకో తిరకాసు. చుట్టాలూ మాటా అంతా కోడికొండ చెక్‌పోస్టు అవతలా ఉన్నాయి. కానీ కర్ణాటక రేషన్ కార్డు చూపితే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ అందదు. అది అక్కడి కుటుంబాలకే.

బెంగళూరులో పనిచేసే పిల్లల కంపెనీ పాలసీ ఉన్నా చిక్కే. కంటి సూది గంటల్లో అయిపోతుంది, ఆసుపత్రిలో 24 గంటలు పడుకోలేదు కాబట్టి డబ్బు రాదని కంపెనీలు అనేవి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో కంటిలోపలి సూదులను ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చింది. వాటిని పూర్తిగా మినహాయించకూడదంది. కానీ 'ఇంతవరకే ఇస్తాం' అని పరిమితి పెట్టుకునే వీలుంది. ముందే ఉన్న షుగర్‌కు వెయిటింగ్ పీరియడ్ కూడా ఉండొచ్చు. 2024 నుంచి అది మూడేళ్లకు మించకూడదు.

ఒక్క సూదికి కాదు.. ఏడాదికి లెక్క

డబ్బు పుట్టే దారులు పల్లెకు తెలిసినవే. పాల డైరీ బిల్లు, స్త్రీశక్తి సంఘం అప్పు, తాళి తప్ప మిగతా బంగారం కుదువ, తక్కువకు పాడుకున్న చీటీ, చివరికి పాడి ఆవు. ఆవును అమ్మితే చేతికి డబ్బు వస్తుంది, నెలనెలా వచ్చే పాల బిల్లు ఆగిపోతుంది. కంటి వైద్యానికి కావాల్సింది మాత్రం ఆ నెలనెలా వచ్చే డబ్బే.

లెక్క తప్పేది ఇక్కడే. మాక్యులా వాపునకు ఒక్క సూదితో సరిపోదు. మొదట్లో నెలకొకటి, ఆ తర్వాత అవసరాన్ని బట్టి. మొదటి ఏడాదిలోనే ఏడెనిమిది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడతాయి. ఇంటివాళ్లు మొదటి సూదికి మాత్రం డబ్బు జమ చేస్తారు. చూపు కాస్త తేటపడగానే 'నయమైంది' అని ఆపేస్తారు. వాపు మళ్లీ వస్తుంది.

మిలాప్, కెట్టో లాంటి సంస్థల ద్వారా ఇంటర్నెట్‌లో చందాలు అడగొచ్చు. ఆసుపత్రి అంచనా పత్రంతో ముఖ్యమంత్రి సహాయ నిధికీ దరఖాస్తు పెట్టొచ్చు. ఇవన్నీ వారాలు, నెలలు తీసుకునే పనులు. అందుకే మొదటి సూదికి చేతి డబ్బు వాడి, ఆ రోజే మిగతా సూదులకు అర్జీ పెట్టడం తెలివైన పని.

మందులోనూ తేడా

ఈ వైద్యంలో ప్రధానంగా వాడే మందులు మూడు. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్. మొదటిది పేగు క్యాన్సర్ కోసం వచ్చిన మందు. దాన్ని చిన్న మోతాదులుగా విడదీసి కంటికి వాడతారు కాబట్టి బాగా చవక. కంటి వాడకానికి 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేరింది. శుభ్రంగా విడదీయకపోతే ఇన్‌ఫెక్షన్ ముప్పు ఉంది కనుక మంచి ఆసుపత్రిలోనే వేయించుకోవాలి. రానిబిజుమాబ్‌కు మన దేశంలోనే తయారైన తక్కువ ధర రకం 2015 నుంచి దొరుకుతోంది.

2015లో అమెరికాలో వెలువడిన పరిశోధన ఒకటి ఈ మూడింటినీ పోల్చింది. చూపు కొద్దిగానే తగ్గిన కళ్లకు మూడూ దాదాపు ఒకేలా పనిచేశాయి. చూపు బాగా పడిపోయిన కళ్లకు మాత్రం ఖరీదైన అఫ్లిబర్సెప్ట్ మెరుగని తేలింది. అంటే తొందరగా వెళ్తే చవక మందుతో గడిచిపోవచ్చు. డబ్బు పోగయ్యేదాకా ఆగితే మందు ధరే పెరిగిపోతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

* బెంగళూరులో మింటో ప్రభుత్వ కంటి ఆసుపత్రి. 1896లో మొదలైంది. రెఫరల్‌కు ముందుగా తాలూకా లేదా జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి.
* పుట్టపర్తి ప్రశాంతిగ్రామ్‌లోని సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి. 1991లో ప్రారంభమైంది. కంటి విభాగం ఉంది. ఏ రాష్ట్రం కార్డు అని అడగరు, వైద్యం ఉచితం.
* హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి. 1987 నుంచి పేదలకు ఉచితంగా చూస్తోంది.

డబ్బు కట్టేముందు డాక్టరును అడగాల్సినవి నాలుగు. ఏడాదికి ఎన్ని సూదులు పడొచ్చు? చవక మందు నా కంటికి సరిపోతుందా? ఇది కార్డు ప్యాకేజీలో ఉందా? అంచనా పత్రం రాసిస్తారా? బీమా కంపెనీ కాదంటే కారణం రాతపూర్వకంగా తీసుకోవాలి. బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ, కళ్లు బాగానే కనబడుతున్నా సరే, ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఇంటాయన వెళ్లే రోజున ఇంటావిడను కూడా తోడు తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే బస్సు చార్జీ తప్ప పెద్ద ఖర్చుండదు. బంగారం బ్యాంకు గడప తొక్కకుండా ఆపగలిగేది ఆ ఒక్క పరీక్షే.