గుండె ఆపరేషనైన బిడ్డ పరుగెత్తకూడదా?

"మావాడికి చిన్నప్పుడు గుండె ఆపరేషనయిందండీ, బరువు పనులు చెప్పకండి" - పల్లెల్లో తల్లులు ఈ మాట అనడం కద్దు. బడిలో డ్రిల్లు పీరియడ్‌లో చెట్టు కింద కూర్చోబెట్టిన అలాంటి పిల్లలు ఇప్పుడు పెద్దవారవుతున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద తొలినాళ్ళలో ఆపరేషన్ పొందిన పసివాళ్ళకు నేడు ఓటు హక్కు వయసు వచ్చింది. మూట మోయవచ్చునా? కానిస్టేబుల్ ఎంపికలో 1600 మీటర్లు పరుగెత్తవచ్చునా? ఇదీ వారి ముందున్న సమస్య.

దీనికి అందరికీ ఒకటే జవాబు లేదు. గుండె గదుల మధ్య రంధ్రాన్ని సకాలంలో మూయించుకుని, వేరే లోపమేదీ మిగలని వారిలో చాలామంది తోటివారిలాగే పనిచేయగలరు. పెదవులు, గోళ్ళు నీలిబారే 'టెట్రాలజీ ఆఫ్ ఫాలో' సంగతి వేరు. ఈ లోపాన్ని గుండె లోపలే సరిచేసే ఆపరేషన్‌ను 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో డాక్టర్ లిల్లెహై తొలిసారి చేశారు. ఆపరేషన్‌తో ప్రాణం నిలిచినా, ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారిలోని కవాటం చాలామందిలో లీకవుతూనే ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గుండె కుడి గది సాగుతుంది. కొందరిలో శ్రమకు తగినట్టు గుండె వేగం పెరగదు. అందుచేత వీరి శ్రమశక్తి సగటున ఈడువారికంటే తక్కువ.

పుట్టినప్పటి నుంచీ అంతే కనుక ఆ లోటు చాలామందికి తెలియకపోవడం విచిత్రం! "నాకేం, బాగానే ఉన్నాను" అని పరీక్షలకు వెళ్ళడం మానేస్తారు.

భయం మరో జబ్బు

లోటంతా గుండెదే కాదు. భయంతో కదలనివ్వకపోవడం వల్ల కండరాలు కూడా బలహీనపడతాయి. డాక్టర్ల సలహాపై క్రమంగా వ్యాయామం చేసినవారిలో శక్తి పెరిగినట్టు అధ్యయనాలు తెలిపాయి. ఇదే లోపంతో పుట్టి, ఏడాది నిండకుండానే రెండు ఆపరేషన్లు చేయించుకున్న అమెరికన్ షాన్ వైట్, 2006, 2010, 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్ స్వర్ణ పతకాలు గెలుచుకున్నాడు. అందరూ అంతవారు కాలేకపోవచ్చు. అలాగని అందరూ అరుగు మీద కూర్చోనక్కరలేదు.

ఎవరికెంత శ్రమ తగునో తేల్చే పరీక్ష ఉంది. ముఖానికి మాస్కు పెట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు, లేదా సైకిలు తొక్కిస్తారు. శరీరం ఎంత ప్రాణవాయువు వాడుకుంటున్నదీ, గుండె లయ ఎలా ఉన్నదీ చూస్తారు. గుండె స్కానింగ్ కూడా చూసి, ఏ పని తగునో, ఏది తగదో డాక్టర్లు చెబుతారు.

పరీక్ష లేకుండా పరుగు పందెంలోకి దిగడం ప్రమాదం. శ్రమలో స్పృహ తప్పినా, గుండె దడ, ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే ఆపి వైద్యుని చూడాలి. పెట్టె అడుగున పడిఉన్న ఆ పాత ఆపరేషన్ కాగితాలను ఒకసారి పైకి తీసి, గుండె డాక్టరుకు చూపించడం ఎంతైనా అవసరం.