పైథాన్ (కంప్యూటరు భాష) - తెలుగు పాఠ్యం

పైథాన్ ఒక ఓపెన్ సోర్సు కంప్యూటరు భాష. నెదర్లాండ్సు దేశస్థుడైన గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని సి.డబ్ల్యు.ఐ. పరిశోధనా సంస్థలో పనిచేస్తూ దీని రచన ప్రారంభించాడు. మొదటి వెర్షను (0.9.0) 1991 ఫిబ్రవరిలో వెలువడినది. దీని సోర్సు కోడును ఎవరైనను ఉచితంగా పొందవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును. మన దేశంలో సి.బి.ఎస్.ఇ. 11, 12 తరగతుల కంప్యూటరు సైన్సు పాఠ్యప్రణాళికలో కూడా ఈ భాష ఉన్నది. తెలుగులో వ్రాసిన పాఠ్యాన్ని ఈ భాష చక్కగా దాచుకొనగలదు గాని, దానిని అక్షరాలుగా, పదాలుగా విడదీయటంలో ఇంకను పొరపడుచున్నది. ఇటీవలి వెర్షనులలోను, రాబోవు 3.15 వెర్షనులోను ఈ విషయంలో జరుగుచున్న మార్పులు తెలుగు విద్యార్థులకు ముఖ్యమైనవి.

విడుదలలు, నిర్వహణ

2018 జూలైలో వాన్ రోసమ్ తుది నిర్ణయాధికారం నుండి తప్పుకొనిన తరువాత, 2019 నుండి ఐదుగురు సభ్యుల నిర్వాహక మండలి ఈ భాషను నడుపుచున్నది. మండలి సభ్యులను భాషాభివృద్ధిలో పాల్గొను ప్రధాన రచయితలే ఎన్నుకొందురు. మార్పు కోరువారు ముందుగా ఒక వ్రాతపూర్వక ప్రతిపాదన సమర్పించవలెను. దీనిని పెప్ అందురు. ప్రతి సంవత్సరము అక్టోబరులో ఒక కొత్త వెర్షను వచ్చును. దానికి ఐదేళ్ళ పాటు మరమ్మతులు లభించును.

2022లో వచ్చిన 3.11 వెర్షను అంతకు ముందటి దానికంటె సగటున 25 శాతం వేగము గలది. పైథాన్‌లో చిరకాలముగా ఉన్న మరియొక పరిమితి, ఒకే ప్రోగ్రాములోని పలు థ్రెడ్లలో ఒక సమయమున ఒక్కటి మాత్రమే పైథాన్ సూచనలను అమలుపరచగలుగుట. జిల్ అను తాళము దీనికి కారణము. దానిని తొలగించవలెనని సామ్ గ్రాస్ చేసిన ప్రతిపాదన 2023లో ఆమోదించబడినది. తాళము లేని రూపము 3.13 (2024)లో ప్రయోగాత్మకముగాను, 2025 అక్టోబరు 7న విడుదలైన 3.14లో అధికారికముగాను లభించినది. అయితే అది కోరుకొన్నవారికి మాత్రమే. ఒకే థ్రెడ్డుతో నడచు ప్రోగ్రాములు అందులో 5 నుండి 10 శాతం నెమ్మదించును. తరువాతి దశలో దానినే సాధారణ రూపము చేయవలెనన్నది ప్రణాళిక.

యూనికోడు

యూనికోడులో తెలుగుకు 128 స్థానాల గడి కేటాయించబడినది. పైథాన్‌కు యూనికోడు పాఠ్యము 2000వ సంవత్సరములో వచ్చిన 2.0 వెర్షనుతో అందినది, కాని అప్పుడది సాధారణ పాఠ్యము నుండి వేరుగా ఉండెడిది. 2008 డిసెంబరులో వెలువడిన 3.0 వెర్షనులో పాఠ్యమంతయు యూనికోడే అయినది. ఈ మార్పు వలన పాత ప్రోగ్రాములు పనిచేయక, పాత 2.7 వెర్షనుకు మద్దతు 2020 జనవరి 1 వరకు కొనసాగించవలసి వచ్చినది. తెలుగు వంటి లిపులకు మాత్రము ఆ కష్టము దండగ కాలేదు.

ఈ వ్యాసములో ఉదాహరణకు కర్నూలు జిల్లా పశ్చిమ భాగములోని గోనెగండ్ల, ఆదోని అను పేర్లు తీసుకొనబడినవి. గోనెగండ్ల అను నాలుగక్షరాల పేరులో గుణింతము, సున్న, సంయుక్తాక్షరము మూడును ఉన్నవి. యూనికోడు దీనిని తొమ్మిది సంకేతాలుగా దాచును: గ, ఓత్వము, న, ఎత్వము, గ, సున్న, డ, పొల్లు, ల. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు కావలెను గనుక ఈ పేరు ఫైలులో 27 బైట్లు ఆక్రమించును.

ఫైలు తెరచునప్పుడు

ఆదోని పత్తి మార్కెట్టుకు ఏ ఊరి నుండి ఎంత సరుకు వచ్చినదో ఒక విద్యార్థి తెలుగులో పట్టిక తయారుచేసి, యుటిఎఫ్-8 ఫైలుగా భద్రపరచినాడని అనుకొందము. లినక్సు మీద పైథాన్ దానిని సరిగా చదువును. విండోస్ మీద పరిస్థితి వేరు. ఫైలు ఏ సంకేత పద్ధతిలో ఉన్నదో ప్రోగ్రాములో చెప్పనిచో, 3.14 వరకు గల వెర్షనులు విండోస్ అమరికలలోని పాత పద్ధతిని అనుసరించును. ఆంగ్ల అమరికలో అది సాధారణముగా 1252వ కోడు పేజీ, అనగా పశ్చిమ ఐరోపా లిపులకు చెందినది.

అప్పుడు రెండు ఊర్లకు రెండు వేర్వేరు గతులు పట్టును. గోనెగండ్లలోని పొల్లు గుర్తు యొక్క చివరి బైటుకు ఆ కోడు పేజీలో అర్థమే లేదు. కావున ప్రోగ్రాము దోషము చూపి ఆగిపోవును. ఆదోనిలో పొల్లు లేదు. దానిలోని 15 బైట్లకును ఏదో ఒక గుర్తు ఉన్నది గనుక, పేరు 15 లాటిన్ అక్షరాల, గుర్తుల గందరగోళముగా మారిపోవును, ప్రోగ్రాము మాత్రము ఏమియు ఎరుగనట్లు ముందుకు సాగును. ఆగిపోవుట కంటె ఈ రెండవదే ప్రమాదకరము. ఫలితము చేతికి వచ్చువరకు తప్పు జరిగినట్లు తెలియదు.

2022లో ఆమోదించబడిన 686వ పెప్ దీనికి పరిష్కారము చూపినది. జపాను దేశస్థుడైన ఇనాడా నవోకి చేసిన ఈ ప్రతిపాదన ప్రకారము 3.15 వెర్షను నుండి అన్ని ఆపరేటింగు సిస్టములలోను యుటిఎఫ్-8 స్వతస్సిద్ధ పద్ధతి అగును. 3.15 విడుదల 2026 అక్టోబరుకు నిర్ణయించబడినది. పాత వెర్షనులు వాడువారు ఫైలు తెరచు ఆదేశములో యుటిఎఫ్-8 అని స్పష్టముగా వ్రాయుట ఉత్తమము. 2018లో వచ్చిన 3.7 నుండి యుటిఎఫ్-8 రీతి అను ఐచ్ఛిక అమరిక కూడా కలదు. అయితే అను ఫాంట్ల వంటి పాత డి.టి.పి. ఫాంట్లతో కూర్చిన పాఠ్యమునకు ఈ మార్పు వలన లాభము లేదు. అది తెరపై తెలుగుగా కనిపించినను లోపల యూనికోడు కాదు, దానిని ముందుగా వేరొక సాధనముతో మార్చుకొనవలెను.

అక్షరాల లెక్క

గోనెగండ్ల పొడవు ఎంత అని అడిగినచో పైథాన్ 9 అని చెప్పును. అది సంకేతాల సంఖ్య, అక్షరాల సంఖ్య కాదు. ఛందస్సు పరిశీలించు ప్రోగ్రాము గాని, గళ్ళ నుడికట్టు గాని వ్రాయువారికి కావలసినది 4. ఒక్కటిగా కనిపించు గుర్తుల సమూహమును గ్రఫీము అందురు. 2023లో వచ్చిన యూనికోడు 15.1 నియమములలో తెలుగు సంయుక్తాక్షరమును ఒకే గ్రఫీముగా లెక్కించు సూత్రము చేర్చబడినది. అంతకు ముందు డ్ల రెండు ముక్కలయ్యెడిది. 3.15 వెర్షను యూనికోడు విభాగములో గ్రఫీములను ఒక్కొక్కటిగా ఇచ్చు కొత్త ప్రమేయము చేర్చబడినది. దీనితో బయటి సాధనముల అవసరము లేకుండా 4 అను సమాధానము పొందవచ్చును.

పదాల విభజన

ఇంకను సరికానిది ఇదియే. పాఠ్యము నుండి పదాలను ఏరుటకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనులు వాడుదురు. వీటిలో "పదములోని అక్షరము" అను గుర్తుకు పైథాన్ అక్షరాలను, అంకెలను, అడుగు గీతను మాత్రమే అంగీకరించును. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు దాని దృష్టిలో అక్షరాలు కావు. అందుచేత గోనెగండ్ల గ, న, గ, డ, ల అని ఐదు ముక్కలగును. ఆదోని "ఆద", "న" అని రెండగును. దీనిపై 2011లోనే దోష నివేదిక నమోదయినది, కాని 3.14లో కూడా పద్ధతి మారలేదు. ఇదే భాష గోనెగండ్ల అను మాటను చరరాశి పేరుగా అంగీకరించును, కాని అందులో అన్నియు అక్షరాలేనా అని అడిగినచో కాదనును!

ఈ దోషము ఇతర సాధనాలకు కూడా ప్రాకినది. యంత్ర అభ్యసనమునకు విరివిగా వాడు సైకిట్-లెర్న్‌లోని పదాల లెక్కింపు సాధనము రెండక్షరాలకు తక్కువైన ముక్కలను వదిలివేయును. మార్పులు చేయక వాడినచో గోనెగండ్ల పూర్తిగా మాయమై, ఆదోని "ఆద"గా మిగులును. తెలుగు వార్తలను వర్గీకరించు ప్రాజెక్టులలో ఫలితాలు బాగుండనిచో భాషను గాని, డేటాను గాని నిందించుటకు ముందు ఈ ఒక్క అమరికను సరిచూచుకొనవలెను. తెలుగు గడిలోని స్థానాలన్నిటిని పదములోని భాగముగా పరిగణించునట్లు నమూనాను స్వయముగా వ్రాసినను, రెజెక్స్ అను బయటి మాడ్యూలు వాడినను సమస్య తీరును.

అకారాది క్రమము

పైథాన్ పేర్లను సంకేత సంఖ్యల ప్రకారము వరుసలో పెట్టును. యూనికోడులో తెలుగు గడి దాదాపు వర్ణమాల క్రమములోనే ఉన్నది గాని, పూర్తిగా కాదు. సున్న అన్నిటికంటె ముందు ఉన్నందున గంగ అను మాట గగనము కంటె ముందు వచ్చును. ళ అక్షరము ల వెంటనే, ఱ అక్షరము ర వెంటనే నిలుచును. నిఘంటువులో ఇవి హ తరువాతివి. కావున ఊర్ల జాబితాను నిఘంటు క్రమములో కోరువారు యూనికోడు సంస్థ వారి ఐ.సి.యు. గ్రంథాలయమును జోడించుకొందురు.

తెలుగు పేర్లు, తెలుగు అంకెలు

3.0 నుండి చరరాశులకు, ప్రమేయములకు తెలుగు పేర్లు పెట్టవచ్చును. భాషలోని మూలపదాలు మాత్రము ఆంగ్లములోనే ఉండును. సాఫ్ట్‌వేర్ వంటి మాటలలో పొల్లును విడిగా చూపుటకు వాడు కనిపించని గుర్తు (సున్నా వెడల్పు విభాజకము) పేర్లలో అనుమతించబడదు. అది ఉన్నచో దోషము చూపును, కంటికి కనిపించనిది గనుక దానిని కనుగొనుట కొత్తవారికి కష్టము. తెలుగు అంకెల విషయములో పైథాన్ ఉదారముగా ఉన్నది. పాఠ్యముగా ఇచ్చిన ౧౦౫౦ని సంఖ్యగా మార్చమన్నచో 1050గా గ్రహించును. ప్రోగ్రాములో నేరుగా వ్రాయు సంఖ్యలకు మాత్రము ఈ వెసులుబాటు లేదు.