‘హెడ్’ అనగా తలయేనా?

ఇంగ్లీషు నేర్చుకొను మన పిల్లలకు మొదటి నెలలోనే పట్టుబడు మాటలలో ‘హెడ్’ ఒకటి. ఉపాధ్యాయుడు తన తలపై చేయి వేసి ‘హెడ్’ అనును. పిల్లలందరును తమ తలలపై చేతులు వేసికొని ‘హెడ్’ అందురు. దానితో ఆ మాట వచ్చినట్లేయని గురువునకును శిష్యునకును గూడ నమ్మకము కలుగును. నేనును చాలకాలము అట్లే నమ్మితిని. తెలుగు చెప్పుకొని బ్రతుకువాడను గనుక ఇంగ్లీషు మాటల జోలికి పోవలసిన పని నాకు తరచుగా రాదు. అయినను అనువాద పాఠము చెప్పవలసివచ్చిన ఒకనాడు ఈ చిన్నమాట నన్ను తరగతి యెదుట తలవంచుకొనునట్లు చేసినది.

కొన్నియేండ్ల క్రిందటి సంగతి. ఇంటర్మీడియెట్ విద్యార్థులకు పాఠము చెప్పుచు, ‘హెడ్’ అను మాటకు తల గాక మరి యే యర్థములున్నవో తలకొకటి చెప్పుడంటిని. ఒకడు ‘హెడ్మాస్టరు’ అనెను. మరియొకడు ‘హెడ్ కానిస్టేబులు’ అనెను. కోనసీమ కొసనుండి వచ్చిన పిల్లవాడొకడు వెనుకబల్లనుండి లేచి, “నీళ్ళు ముందుగా అందే చోటండి” అనెను. తరగతి గొల్లుమన్నది. నవ్వినవారిలో నేనును ఒకడను. “కూర్చోవోయ్! తలకు పోసుకోవటం వేరు, తల వేరు” అని ఒక చతురోక్తి గూడ విసరితిని. వాడు కూర్చుండెను. గంట ముగియువరకును మరి తల యెత్తలేదు.

ఆ సాయంకాలము ఎందుకో అనుమానము కలిగి పెద్ద నిఘంటువు తీసితిని. నది పుట్టుచోటు హెడ్. కాలువ మొదలు హెడ్. అంతేకాదు, నీరు ఎంతటి యెత్తునుండి క్రిందికి ఒత్తుచున్నదో ఆ యెత్తునకు ఇంజనీర్లు వాడు మాట గూడ హెడ్డే. పిల్లవాడు చెప్పినది అక్షరాల నిజము. వానికది పుస్తకములో దొరికిన యర్థము కాదు, కాలువగట్టున దొరికినది.

గోదావరి మండలములో ఈ మాటకు గట్టి చరిత్ర యున్నది. ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని మొదలిడగా 1852 నాటికి అది పూర్తియయ్యెను. నీటిని నిలువచేయుట ఆ కట్టకు ముఖ్యమైన పని కాదు; నదిలోని నీటిమట్టమును కాలువలకు ఎక్కునంతటి యెత్తునకు లేపుటయే దాని పని. అనగా ‘హెడ్’ కల్పించుట. తూర్పు డెల్టాకు ధవళేశ్వరము, మధ్య డెల్టాకు బొబ్బర్లంక, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరము — ఈ మూడు తావులనుండి కాలువలు బయలుదేరును. అక్కడి తూములకు హెడ్ స్లూయిసులని పేరు. పాత ఆనకట్టకు బదులుగా 1982 నాటికి బ్యారేజి వచ్చినను ఆ మాట మాత్రము పోలేదు. లస్కరులును, రైతులును నోట నానబెట్టి దానిని ‘హెడ్డు’ చేసికొనిరి. “హెడ్డు దగ్గర నీళ్ళు వదిలారట” అను కబురు, దాళ్వా నాటు వేసి ఆకాశమువంక చూచుచున్నవాని చెవికి ఎట్లు వినబడునో ఊహింపుడు. ఇందులో ఒక వేడుక గూడ కలదు. వారు తమ ‘హెడ్’ను మనకిచ్చి, మన దక్షిణాది వారి ఆనకట్టను పట్టుకొనిపోయి ‘ఆనికట్’ అని తమ నిఘంటువులలో చేర్చుకొనిరి. బేరము సరిపోయినది.

ఆ రాత్రి నిఘంటువు మూయబుద్ధి పుట్టలేదు. చూచినకొలది, ఇంగ్లీషున తల యున్న చోట్ల అనేకము తెలుగున తల లేదని తేలినది. కుటుంబమునకు అధికారియైనవానిని వారు తల యందురు. మనము ఇంటిపెద్ద యందుము. ఊరిపెద్ద, కులపెద్ద యనుటయు అట్టిదే. మన భాషలో అధికారము తలయందు గాక వయస్సునందు కూర్చున్నది. ఎగురవేసిన నాణెమునకు వారికి తలయు తోకయు. మనకు బొమ్మయు బొరుసును. వెల్లుల్లిని వారు తలలుగా లెక్కింతురు, మనకది పాయ. ఆ పాయయే జడలోను గలదు, గోదావరిలోను గలదు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ మనకు పాయలు. ఇంగ్లీషువానికి నదీశాఖ యనగా చేయి. నదిని వారు తలయు, చేతులును, నోరును గల ప్రాణిగా చూచిరి. మనము విప్పిన జడగా చూచితిమి. గుండుసూది దగ్గర మాత్రము ఇరువురి చూపును ఇంచుమించుగా కలిసినది: వారు సూదికి తల పెట్టిరి, మనము గుండు చేసితిమి!

అప్పులపాలైనవాడు ఇంగ్లీషున తలయు చెవులును మునిగియుండును. తెలుగున పీకలలోతుననే యుండును. వరద చూచిన గోదావరివాసులకు ఈ భేదము చిన్నదిగా తోచదు. పీకలలోతున నున్నవాడు ఇంకను కేక వేయగలడు. వ్యవహారము ముదిరినపుడు కురుపు మొనతేలినట్లు ‘తలకు వచ్చినది’ అని వారందురు. మనమో, బెల్లపు పెనమువద్ద నిలుచుండి ‘పాకాన పడినది’ అందుము. నలుగురు తలలు ఒకచోట చేర్చిరనిన వారికి ఆలోచన చేసిరని యర్థము. మనకు తలపడుట యనిన కొట్లాటయే.

ఇచ్చటనే మన పిల్లలు మునుగుదురు. కంగారుపడి తెలివి తప్పి ప్రవర్తించినవానిగూర్చి యున్న ఇంగ్లీషు వాక్యమును ఒక విద్యార్థి ‘అతడు తల పోగొట్టుకొనెను’ అని తెనిగించి, తరువాతి వాక్యమున వానిని నిక్షేపముగా ఇంటికి పంపినాడు. తెలుగున తల పోవుట ప్రాణము పోవుటయే గదా! లెక్కలకు మంచి తల గలవాడు అని వ్రాసినవారు ఎందరో. తెలుగున లెక్కలకు కావలసినది తల కాదు, బుర్ర. ఆనపకాయ బుర్ర వలె లోపల ఏదైన పట్టునది గనుక తెలివికి ఆ పేరు తగియున్నది. పొగరు పట్టుటకు నెత్తి కావలెను: కన్నులు నెత్తికెక్కుననియే గాని తలకెక్కుననము. దేవునికి నమస్కరించునది శిరస్సు. ఇంగ్లీషువాడు ఒక్క మాటతో గడుపుకొనుచోట మనకు నాలుగు అరలున్నవి. ఏ సరకు ఏ అరలోనిదో నిఘంటువు చెప్పదు; ఇంటిలో పెద్దల మాట వినినవానికే తెలియును.

ఇక మన తలను వారి భాషలోనికి పంపజూతమా? పెండ్లిలో తలపై పోసికొను ప్రాలు గనుక అవి తలంబ్రాలైనవి. తలకొరివి యనగానే కొడుకు గుర్తు వచ్చును. అందరికిని తలలో నాలుకవలె మెలగువాడు ఊరికి ఎంత యిష్టుడో మనకు తెలియును, దానిని మాటకు మాటగా మార్చి చెప్పిన విన్న దొర, “అందరికిని అచ్చటనే గదా నాలుక యుండును?” అని తెల్లబోవును.

ఈ చిక్కును దాటిన పెద్దలు మన గడ్డమీదనే యున్నారు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున ప్రధానోపాధ్యాయులుగా పనిచేసిరి. అనగా హెడ్డువద్ద హెడ్మాస్టరు! గోల్డ్‌స్మిత్ నవల యొక్క ఛాయ తీసికొని రాజశేఖర చరిత్రమును వ్రాయునపుడు ఆయన ఇంగ్లీషు పల్లెను మాటకు మాటగా మోసికొని రాలేదు. కథను తెచ్చి ధవళేశ్వరమున దించెను. అది 1878లో వెలువడసాగి 1880లో పుస్తకమైనది. అనువాదము చెప్పు ఉపాధ్యాయులు పిల్లలకు వ్యాకరణముకంటె ముందు ఈ సంగతి చెప్పుట మేలని నా యభిప్రాయము.

మరునాడు నిఘంటువును చంకన పెట్టుకొని తరగతికి పోయితిని. “నిన్న మీవాడు చెప్పినది ఒప్పు. నేను నవ్వినది తప్పు” అని ఆ పుట తెరచి చదివి వినిపించితిని. బల్లమీద కాలువ బొమ్మ గీసి మొదట ‘హెడ్’ అని వ్రాసితిని. పిల్లవాడు మెల్లగా లేచెను.

“మరి ఈ చివరనున్న మా ఊరినేమంటారండి?”

“టెయిల్ ఎండ్ అంటారు.”

“అంటే తోకాండి?”

ఈమారు ఎవ్వరును నవ్వలేదు. వాడు కొంచెము తడవు బొమ్మవంక చూచి, “ఆయ్, మేం శివారంటామండి. వంతు వచ్చిన రాత్రి మా నాన్న బోదెగట్టు మీదే పడుకుంటాడండి” అని కూర్చుండెను.