మబ్బు మీద ఎర్ర మెరుపు

మార్కాపురం బస్టాండులో స్ప్రైట్ అని అడిగితే కొట్టతను ఫ్రిజ్ తలుపు తీస్తాడు. ఆ కూల్‌డ్రింకు మన దేశంలోకి 1999లో వచ్చింది. దాని గురించి ఇక్కడ ఇంతకు మించి చెప్పేదేమీ లేదు. అదే పేరున్నవి ఇంకో మూడున్నాయి. ఒకటి వీడియో గేముల్లో పరుగెడుతుంది. ఒకటి శ్రీహరికోట నుంచి అంతరిక్షానికి వెళ్లింది. మూడోది ఉరుముల మబ్బుకు చాలా పైన, రెప్పపాటులో పదో వంతు సేపు ఎర్రగా వెలిగి మాయమవుతుంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు వాళ్లకు ఈ మూడోదాన్ని చూసే అవకాశం ఉంది. వానలు తరచూ ముఖం చాటేసే ప్రాంతానికి దక్కిన కాస్త లాభం ఇది.

గేముల సంగతి త్వరగా ముగిద్దాం. పాత కంప్యూటర్లలో తెర మీద ఓ బొమ్మ కదలాలంటే దాని వెనకున్న దృశ్యాన్ని చెరిపి మళ్లీ గీయాల్సి వచ్చేది. 1979లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్ 9918 చిప్ ఆ బాధ తప్పించింది. మార్కాపురం పలక మీద తోట బొమ్మ గీసి, దాని మీద చింతగింజను వేలితో జరపండి. గింజ ఎటు పోయినా తోట చెరగదు. ఆ గింజ లాంటిదే గేములోని స్ప్రైట్. ఆ చిప్ 32 స్ప్రైట్లను నడిపేది కానీ ఒకే అడ్డగీతలో నాలుగింటికి మించి చూపలేకపోయేది. ఐదోది వచ్చిందంటే ఆ మేరకు కనబడకుండా పోయేది.

శ్రీహరికోట కథ ఇంకాస్త రంజుగా ఉంటుంది. 2017 జూన్ 23న పీఎస్ఎల్వీ-సీ38 రాకెట్ కార్టోశాట్-2 తరగతి ఉపగ్రహంతో పాటు 30 చిన్న ఉపగ్రహాలను మోసుకెళ్లింది. వాటిలో మాక్స్ వేలియర్, వెంటా-1 అనే రెండింటికి స్ప్రైట్లు అమర్చారు. ఒక్కోటీ మూడున్నర సెంటీమీటర్ల చదరపు పలుచని బిళ్ల, బరువు 4 గ్రాములు. సౌరఘటాలు, కంప్యూటర్, రేడియో అన్నీ దాని మీదే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో జాక్ మాంచెస్టర్ వీటి మీద పని మొదలుపెట్టాడు. 2014లో కిక్‌శాట్ అనే ఉపగ్రహంలో 104 బిళ్లలు పంపితే, దాని గడియారం మధ్యలో మళ్లీ మొదటికొచ్చింది. విడుదల ఘడియ రాకముందే ఉపగ్రహం వాతావరణంలో పడి కాలిపోయింది. 2019 మార్చిలో కిక్‌శాట్-2 నుంచి 105 బిళ్లలు క్షేమంగా బయటపడ్డాయి.

ఇక ఎర్రటిది. మేఘాలకు ఎగువన కూడా విద్యుత్ విస్ఫోటాలు జరగాలని 1920లలోనే స్కాట్లండు భౌతిక శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్ లెక్కగట్టి చెప్పాడు. మబ్బుల పైన వింత వెలుగులు చూశామని పైలట్లు చెబుతూనే ఉన్నారు, వినేవాళ్లే తక్కువ. చెరువు గట్టున కొరివిదెయ్యం చూశానన్న తాత మాటకు ఎంత విలువిస్తామో వాళ్ల మాటకూ అంతే విలువ దక్కింది. 1989 జూలై 6న అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ వింక్లర్ బృందం రాకెట్ ప్రయోగం కోసం తక్కువ వెలుతురులో పనిచేసే కెమెరాను పరీక్షిస్తుంటే, దూరాన ఉన్న ఉరుముల మబ్బుల మీద రెండు వెలుగు స్తంభాలు యాదృచ్ఛికంగా టేపులోకి ఎక్కాయి. స్ప్రైట్ అన్న పేరు తర్వాత అలాస్కా శాస్త్రవేత్త డేవిస్ సెంట్‌మన్ పెట్టాడు. ఆ ఊపులో ఎల్వ్స్, ట్రోల్స్, నోమ్స్ అంటూ పాశ్చాత్య జానపదంలోని పిల్ల దెయ్యాలన్నీ వాతావరణ శాస్త్రంలోకి దిగిపోయాయి!

ఇది పుట్టే తీరు ఇలా ఉంటుంది. నేల మీద పడే పిడుగుల్లో ఎక్కువ భాగం మబ్బులోని రుణావేశాన్ని దింపుతాయి. నూటికి పదికి మించని కొన్ని మాత్రం ధనావేశాన్ని దింపుతాయి, అవి చాలా బలమైనవి. పెద్ద మబ్బులో విశాలంగా పరుచుకున్న ధనావేశం ఒక్కసారిగా నేలలోకి పోతే, మబ్బుకు పైనున్న విద్యుత్ క్షేత్రం తటాలున మారిపోతుంది. 75 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేల మీద ఉన్నదానిలో దాదాపు 30,000వ వంతు. అంత పలుచని గాలిలో ఎలక్ట్రాన్లు అడ్డూ ఆపూ లేకుండా వేగం పుంజుకుని నత్రజని అణువులను గుద్దుతాయి. ఆ దెబ్బకు నత్రజని ఎర్రగా వెలుగుతుంది. కింది కొసలు నీలంగా ఉంటాయి. 50 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తు దాకా సాగే ఈ వెలుగు కొన్నిసార్లు క్యారెట్‌లా, కొన్నిసార్లు జెల్లీఫిష్‌లా కనిపిస్తుంది. పిడుగుకున్న వేడి దీనికి ఉండదు.

ఆ ఎత్తుల్ని పరిశీలించడం కష్టం. హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్లు 40 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతాయి, ఉపగ్రహాలు అంత కిందికి వస్తే నిలవలేవు. తిరుపతి దగ్గర గాదంకిలోని ఎంఎస్‌టీ రాడార్ లాంటివి నేల మీది నుంచి ఆ పొరలను వెతకాల్సిందే. మన తీరానికి ఎదురుగా ఉన్న బంగాళాఖాతం మాత్రం ఈ వింతలకు పేరుపడ్డ చోటు. 2015 సెప్టెంబరులో డెన్మార్క్ వ్యోమగామి ఆండ్రియాస్ మోగెన్సన్ అంతరిక్ష కేంద్రం నుంచి తీసిన 160 సెకన్ల వీడియోలో అక్కడి ఉరుముల మబ్బు మీద 245 నీలి మెరుపులు లెక్కతేలాయి. ఒక నీలి ధార 40 కిలోమీటర్ల దాకా ఎగసింది.

నెత్తి మీద మబ్బుంటే స్ప్రైట్ కనబడదు, అడ్డంగా మబ్బే ఉంటుంది. మనం పొడిగా ఉన్న చోట నిలబడి 200 నుంచి 400 కిలోమీటర్ల దూరపు ఉరుముల మబ్బును చూడాలి. 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న మబ్బు తల 15 కిలోమీటర్ల ఎత్తున ఉన్నా, భూమి వంపు వల్ల దిగంతం మీద ఒకటిన్నర డిగ్రీలే లేస్తుంది. దాని మీది స్ప్రైట్ మాత్రం 15 డిగ్రీల దాకా వెళ్తుంది. చాచిన చేతి పిడికిలి పది డిగ్రీలు, అంటే పిడికిలిన్నర ఎత్తు. కంభం, గిద్దలూరు లోయకు తూర్పున వెలిగొండలున్నాయి. అవి మబ్బును మరుగుపరచవచ్చు గానీ స్ప్రైట్‌ను కప్పలేవు. పైగా మబ్బులోని మెరుపుల కాంతి కొండ చాటుకు పోతే కంటికి మేలే.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అమావాస్య దగ్గరి రాత్రి, మన వైపు ఆకాశం తేటగా ఉండి సముద్రం మీద మబ్బుందని వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రంలో కనబడితే, ఊరి దీపాలకు దూరంగా నిలబడి తూర్పుకు చూడాలి. చీకటికి కళ్లు అలవాటుపడేందుకు అరగంట పడుతుంది. చీకట్లో మన కళ్లకు ఎరుపు సరిగా ఆనదు కాబట్టి చాలామందికి బూడిద రంగు మెరుపులా అనిపిస్తుంది. అందుకే స్టాండు మీద పెట్టిన కెమెరా ఆపకుండా వీడియో తీస్తూ ఉండటమే మంచిది. దగ్గర్లో ఉరుము వినిపిస్తే మాత్రం అన్నీ సర్దుకుని ఇంట్లోకి వెళ్లిపోవాలి. స్ప్రైట్ చిక్కిందనుకుంటే సెకన్లతో సహా సమయం, కెమెరా చూసిన దిక్కు, నిలబడ్డ చోటు రాసి పెట్టుకోండి. ఆ మూడూ ఉంటే, పిడుగుల నమోదు కేంద్రాల లెక్కలతో పోల్చి అది ఏ పిడుగు వల్ల పుట్టిందో తేల్చవచ్చు.