ఉప్పుగాలిలో జీపు మన్నిక

వేటపాలెము ప్రాంతమువారు జీపు వంటి పెద్దబండి కొనదలచినపుడు ముందుగా ఇంజను సంగతి విచారింతురు. బండి అడుగుభాగమును ముందు చూడవలెనని మేమందుము. రామాపురపు కడలి వారికి ఇంచుమించు పెరటిలోనిదే కదా!

2002లో వెలువడిన మహీంద్రా స్కార్పియోను తీసికొందము. దాని శరీరమంతయు పొడవైన రెండు ఉక్కు దూలముల చట్రముపై నిలిచియున్నది. మెకానిక్కులు దీనినే ఛాసిస్ అందురు. గతుకులకు, బరువునకు ఓర్చునది ఇదియే. కాని తీరమున తిరిగిన బండికి తడియిసుక ఈ చట్రపు మూలలలో చేరి నిలుచును. ఉప్పు గాలిలోని తేమను పీల్చును గనుక ఆ చోటు త్వరగా ఆరదు. తుప్పు లోలోపల తినుచుండును. పైరంగు మాత్రము కొత్తదివలె మెరయుచునే యుండును! ఇంజను విప్పి బాగుచేయవచ్చును. చిల్లులు పడిన చట్రమునకు అతుకు వేసినను మునుపటి బలము రాదు.

కనుక తీరమునకు పోయివచ్చిన దినముననే అడుగుభాగమును మంచినీటితో కడిగింపవలెను. చట్రమునందలి నీరుపోవు రంధ్రములు పూడకుండ చూడవలెను. కడిగి ఆరబెట్టకయే తుప్పుమందు పూయించుట ఉప్పును లోపల బంధించుటయే.

నాలుగు చక్రములకును శక్తినిచ్చు మీట ఇసుకకు, బురదకు ఉద్దేశింపబడినది. ఇట్టి బండ్లలో తారురోడ్డెక్కగానే దానిని విడువనిచో మలుపులలో ముందువెనుక ఇరుసులు పెనగులాడి టైర్లు, గేర్లు అరుగును.

సొంతబండి రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును; పిదప తనిఖీ తప్పదు. పాతబండి కొనువారు అంతవరకు ఆగక, చిన్న సుత్తితో చట్రమును తట్టి చూడవలెను. గట్టి ఇనుము ఖంగుమనును. తుప్పు తిన్నది ఓటికుండవలె పలుకును.